అందరికీ తెలిసిన విషయమే

కోల్‌కతా,
8 జనవరి 2024

మామూజాన్‌కి,

అస్సలాము అలైకుమ్. నేను క్షేమం అని రాస్తే సగమే నిజమవుతుంది. ఒంట్లో బాగానే ఉంది. మనసు మాత్రం నిన్న మధ్యాహ్నం నుంచి నా దగ్గర లేదు.

నా థీసిస్‌కు ఒక పరీక్షకుడి నివేదిక వచ్చింది. ఆయన ఎవరో, ఏ దేశంలో ఉంటాడో మాకు చెప్పరు. మిగతావాళ్లకు పేజీలకు పేజీలు రాసి పంపుతారు. నాకు మాత్రం ఒక్క ప్రశ్న వచ్చింది. మూడో అధ్యాయం మొదట్లో నేను ‘ఇది అందరికీ తెలిసిన విషయమే’ అని రాసిన వాక్యం కింద గీత గీసి, ‘నాకు తెలియదు, దయచేసి రుజువు చూపించండి’ అన్నాడు. దానికి జవాబు ఇచ్చేదాకా వైవా లేదు, డిగ్రీ లేదు. మొదట నవ్వొచ్చింది. ఇంత తేలిక ప్రశ్నా అనుకుని కాగితం తీసుకుని కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నా చెయ్యి కదల్లేదు. నాకు రుజువు రాదు మామూ. ఎప్పుడూ రాలేదని నిన్ననే తెలిసింది.

ఆ మాట మీరు నేర్పిందే. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ద్రాక్ష పందిరి కింద నాపరాయి మీద సుద్దముక్కతో గళ్లు గీశారు. గళ్లలో సున్నాలూ ఒకట్లే. ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా అన్నీ ఒకట్లు, దాని కింద అన్నీ సున్నాలు, పైన మన ఇష్టం. ఒకటీ ఒకటీ కలిస్తే ఇక్కడ రెండు కాదు, సున్నా. ఇదొక త్రిభుజ మాత్రిక, దీని పనిని వెనక్కి తిప్పేది దీని విలోమం, ఈ లోకంలో ప్రతి మాత్రికా తన విలోమానికి జంట అన్నారు. జంట అంటే ఏమిటని అడిగాను. బస్సులో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిలో ఒకరికి శామీర్‌పేట చెరువు కుడివైపు ఉంటుంది, ఇంకొకరికి ఎడమవైపు ఉంటుంది, చెరువు అదే, కూర్చున్న చోటు వేరు అన్నారు. అది విని నేను లెక్కల్లోనే ఉండిపోయాను.

ఇప్పుడు నా మూడో అధ్యాయం అంతా దాని మీదే నిలబడింది. ఈ మాత్రికల సమూహానికి క్యారెక్టర్ల పట్టిక అనే సంఖ్యల పట్టిక వేస్తే, జంటల గుంపు ఒక్కోదానికి ఒక్కో నిలువు వరస వస్తుంది. ప్రతి మాత్రికా తన విలోమానికి జంట అయితే పట్టికలో మామూలు వాస్తవ సంఖ్యలే ఉంటాయి, సంకీర్ణ సంఖ్య ఒక్కటీ రాదు. గళ్లు ఎన్నయినా రాదు అని రాసుకుంటూ పోయాను. అది కూలితే నా నాలుగేళ్లూ కూలినట్టే.

మీ దగ్గర రుజువు ఉంటుంది కదా. ఫోటో తీసి పంపకండి, మీ చేతిరాతలో గళ్లు కలిసిపోతాయి. ఫోనులో చెబుదామంటే మీకు వినబడదు, ముమానీ మధ్యలో ఉండి సున్నాను ఒకటి చేస్తుంది. స్పీడ్ పోస్టులో పంపండి. ముమానీ మోకాలు ఎలా ఉంది?

మీ దువా కోరే
రిదా

---

అలియాబాద్,
16 జనవరి 2024

బేటీ రిదాకు,

వ అలైకుముస్సలామ్. నీ ఉత్తరం గేటు దగ్గర నిలబడి చదివాను. నమ్మలేక మళ్లీ చదివాను. ముసలాణ్ని ఆట పట్టిస్తున్నావో, చలికి జ్వరం తగిలిందో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. రుజువు నన్ను అడుగుతావేమిటి? అది నీ దగ్గర ఉంది కదా.

ఏళ్ల తరబడి దాని వెంట తిరిగిన మాట నిజమే. మేడ్చల్ కాలేజీలో పాఠం చెప్పి, అలియాబాద్ బస్సు కోసం నిలబడి అదే ఆలోచించేవాణ్ని. చిన్న సైజులకు చేత్తో చేశాను. వరసకు ఆరు గళ్ల సైజుకు ఒక వానాకాలం పట్టింది. ఎంత సైజుకైనా నిజమే అని మనసు చెప్పేది, కానీ రుజువు చిక్కేది కాదు. అంతలో నువ్వు అచ్చయిన నీ వ్యాసం పంపావు. అందులో చూస్తే, ‘అందరికీ తెలిసిన విషయమే’ అని ఉంది.

ఆరోజు నా పరిస్థితి ఏం చెప్పమంటావు. పెద్దవాళ్లు ఎవరో ఎప్పుడో తేల్చేశారు, మనదాకా రాలేదు అనుకున్నాను. కొంచెం బాధేసింది, అంతకంటే ఎక్కువ సంతోషం వేసింది. మీ ముమానీ చేత డబుల్ కా మీఠా చేయించి వీధంతా పంచాను. నీకు పెళ్లి కుదిరిందనుకుని అందరూ ముబారక్ చెప్పారు, నేనూ కాదనలేదు. నా కాగితాలు కట్ట కట్టి అటక మీద పడేశాను. తేలిపోయిన లెక్కతో ఇంకేం పని?

కాబట్టి నువ్వు ఏ పుస్తకం చూసి రాశావో ఆ పుస్తకం పేరు ఆయన ముఖాన కొట్టు. కొంతమందికి కొత్తవాళ్లను నిలదీయడం ఒక సరదా. నువ్వు బెంగపడకు, ఆయన సంగతి నేను చూస్తాను.

ఇక్కడ రోడ్డు వెడల్పు చేస్తున్నారు. దుమ్మంతా ద్రాక్ష ఆకుల మీదే. ముమానీ మోకాలికి ఆముదం రాస్తే తగ్గుతుందని ఎవరో చెప్పారట, ఇల్లంతా జారుతోంది.

ప్రేమతో
నీ ముజమ్మిల్ మామూ

---

కోల్‌కతా,
24 జనవరి 2024

మామూజాన్‌కి,

అస్సలాము అలైకుమ్. మీ ఉత్తరం హాస్టల్ మెట్ల మీదే చదివాను. ఏ పుస్తకం చూసి రాశావని అడుగుతున్నారు. ఏ పుస్తకమూ చూడలేదు. మిమ్మల్ని చూసి రాశాను. మన ఇంట్లో బావి ఏ మూలన ఉందో రాయడానికి ఎవరైనా పుస్తకం వెతుకుతారా? చిన్నప్పటి నుంచి ఇంట్లో తిరిగిన మాట, లోకంలో కూడా అలాగే తిరుగుతుందనుకున్నాను. ‘అందరికీ’ అంటే నా లెక్కలో మీరూ నేనూ అని ఇప్పుడు అర్థమవుతోంది.

అది నీ దగ్గర ఉంది కదా అని ఇప్పుడు చేతులు దులుపుకుంటే ఎలా? నేర్పింది మీరు. రుజువు చిక్కలేదన్న మాట ఆరోజు నాపరాయి దగ్గర చెప్పలేదేం?

27 జనవరి

పైది కోపంలో రాశాను, పోస్ట్ చేయలేదు. చింపుదామనుకున్నాను, చింపలేదు. అంతకంటే పెద్ద సంగతి ఉంది. మీరు కూర్చుని చదవండి.

అది నిజం కాదు మామూ.

లైబ్రరీలో రెండు రోజులు వెతికితే దొరికింది. పన్నెండు గళ్ల సైజు వరకూ మీరు చెప్పినట్టే ప్రతి మాత్రికా తన విలోమానికి జంట. పదమూడు దగ్గర ఒకటి ఉంది, అది కాదు. ఏ వైపు కూర్చుని చూసినా తన విలోమంలా కనబడదు. నేను నడక నేర్చుకునే రోజుల్లోనే దాన్ని కనుక్కుని అచ్చు వేశారు. నమ్మబుద్ధి కాక కంప్యూటర్‌తో నేనే చేసి చూశాను. కాదు అనే వచ్చింది. మళ్లీ చేశాను. భోజనానికి వెళ్లి పళ్లెం ముందు పెట్టుకుని ఎందుకు వచ్చానో మరిచిపోయాను.

ఒక్కటి కాకపోయినా కానట్టే కదా. అక్కడి నుంచి పట్టికలోకి సంకీర్ణ సంఖ్యలు వచ్చేస్తాయి. నా అధ్యాయం ఎంత సైజుకైనా అని మొదలవుతుంది.

మా గైడు యజ్ఞనారాయణ సార్‌కు ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు. మీరు కూడా ఎవరికీ చెప్పకండి, ఎవరికీ ఏమీ రాయకండి. నాకు కొంచెం వ్యవధి కావాలి. ఆ పదమూడు గళ్ల మాత్రికను వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను.

రిదా

---

అలియాబాద్,
3 ఫిబ్రవరి 2024

బేటీ రిదాకు,

సలామ్. నీ ఉత్తరం చదవగానే చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కి శామీర్‌పేట పోస్టాఫీసుకు వెళ్లాను. ఎందుకో చెబుతాను. కోపం వస్తే రానీ.

నీ దగ్గర నుంచి జవాబు ఆలస్యమయ్యేసరికి నాకు కాలు నిలవలేదు. మీ యజ్ఞనారాయణ గారు మన తెలుగువారేనని నువ్వే ఒకసారి రాశావు. ఐదు రోజుల కిందట ఆయనకు ఒక ఉత్తరం పంపాను. ఈ విషయం ముమ్మాటికీ నిజమనీ, పిల్లకు మొదటి గురువును నేనేననీ, దీనికి నేను పూచీ అనీ రాశాను. ఆ పరీక్షకుడికి చదువు చాలలేదని కూడా రాశాను. ఇంకో రెండు మాటలు ఉన్నాయి, అవి నీకు చెప్పను.

దాన్ని వెనక్కి తీసుకోవచ్చా అని కౌంటర్ దగ్గర అడిగాను. అక్కడి అమ్మాయి నా పాదాల వంక చూసి, "అది గప్పుడే పోయింది సాబ్, గిప్పటికి కలకత్తల ముట్టి ఉంటది" అంది.

ఇంటికి వస్తే నా ముఖం చూసి మీ ముమానీ హడలిపోయింది. "క్యా హువా జీ, ఎవలన్న పోయిన్రా?" అని అడిగింది. ఎవరూ పోలేదని చెప్పాను. ఎవరూ పోకపోతే గట్లెందుకున్నవని మళ్లీ అడిగింది. ఏం చెప్పను? పదమూడు గళ్ల దగ్గర ఒక మాత్రిక జంట కాలేదని చెప్పనా?

రుజువు చిక్కలేదని ఆరోజు ఎందుకు చెప్పలేదని అడిగావు. ఆ వయసు పిల్లకు నమ్మకం ఇస్తే చాలు, అనుమానం తర్వాత తనే నేర్చుకుంటుందనుకున్నాను. నువ్వు నేర్చుకోలేదు. నా దగ్గర నేర్చుకునే అవకాశం లేకపోయింది. నువ్వు పంపిన కాగితం విప్పడానికి ఇంకా ధైర్యం రాలేదు.

నీ మామూ

---

కోల్‌కతా,
12 ఫిబ్రవరి 2024

మామూకి,

సలామ్. మీరు సార్‌కు రాసిన ఉత్తరం, నాకు రాసిన దానికంటే ముందే చేరింది. ఎవరికీ రాయకండి అని నేను రాసిన మాట మీకు చేరేసరికి ఆయన చదివేసి ఉంటారు.

గదిలోకి పిలిచారు. బల్ల మీద మీ చేతిరాత కనబడింది. "ఏవమ్మా, ఈయనెవరో పూచీ ఇస్తున్నారు. దేనికి?" అన్నారు. నిలబడే అంతా చెప్పాను. నాపరాయి దగ్గర నుంచి పదమూడు దాకా చెప్పాను. ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు. కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

తర్వాత అన్నారు, "నువ్వు రాశావు కదా అని నేను సంతకం పెట్టాను. నీ వెనకాల ఎవరో పెద్దవాళ్లున్నారనుకున్నాను. నీ వెనకాల మీ మావయ్య ఉన్నారు. ఆయన వెనకాల నువ్వున్నావు. ఇంక ఎవరూ లేరమ్మా."

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. మీరు నన్ను చూసి, నేను మిమ్మల్ని చూసి, మనిద్దరం కలిసి ఆయన్ని కూడా ఇందులోకి లాగాం. ఆయన ఈ సంవత్సరం రిటైరవుతున్నారు.

ఆ మాట తప్పని నేనే పరీక్షకుడికి రాయాలన్నారు, ఆయన పట్టుకునేలోగా రాయాలన్నారు. ఈ రోజు రాసి పంపించాను. మూడో అధ్యాయం వెనక్కి తీసుకుంటున్నానని రాసేటప్పుడు కళ్లు కనబడలేదు. థీసిస్ మొత్తం తిప్పికొట్టే హక్కు ఆయనకు ఉంది. బహుశా అదే చేస్తారు.

ఒక్కటి అడుగుతాను మామూ. తప్పు చెప్పినందుకు నాకు మీ మీద కోపం లేదు. నిజమో కాదో తెలియకుండానే పూచీ ఇచ్చారు, దానికి ఏం చేయాలో తెలియడం లేదు. కొన్నాళ్లు నాకు లెక్కల గురించి రాయకండి.

రిదా

---

అలియాబాద్,
21 ఫిబ్రవరి 2024

బేటీ రిదాకు,

వ అలైకుముస్సలామ్. రాయవద్దన్నావు, రాయను.

ద్రాక్ష కాపు పల్చగా ఉంది. బుల్‌బుల్ పిట్టలు తినగా మిగిలింది మాకు. మీ ముమానీ వాటిని తరమడానికి రేకు డబ్బా ఒకటి కట్టింది, దాని చప్పుడుకు పక్కింటి మేకలు బెదురుతున్నాయని వాళ్లు గొడవకు వచ్చారు. డబ్బా విప్పేశాం. వంకాయలు బాగా కాశాయి. మీ అమ్మీ మొన్న వచ్చి రెండు రోజులు ఉండి వెళ్లింది, నీ సంగతి అడిగితే పని ఎక్కువగా ఉందని చెప్పాను. చౌరస్తా దగ్గర చాయ్ హోటల్ రోడ్డు వెడల్పులో పోయింది, పాపం దాని యజమాని కొత్త చోటు వెతుక్కుంటున్నాడు.

ఇంకేం రాయాలో తెలియడం లేదు. నీకు ఉత్తరం రాస్తే ఎప్పుడూ కాగితం చాలేది కాదు. ఈసారి సగం మిగిలింది.

వేళకు తిను.

మామూ

---

కోల్‌కతా,
19 ఏప్రిల్ 2024

మామూజాన్‌కి, ముమానీకి,

అస్సలాము అలైకుమ్. ఆలస్యంగా ఈద్ ముబారక్. పండగ నాడు ఫోను చేస్తే ముమానీ ఏడ్చింది, మీరు పక్కనే ఉండి కూడా ఫోను తీసుకోలేదట. వినబడదు కదా అని తీసుకోలేదని ముమానీ చెప్పింది. నేను నమ్మలేదు.

మొన్న సోమవారం వైవా అయింది. డిగ్రీ ఇచ్చారు. ఇప్పటికీ నాకు నమ్మకం కుదరడం లేదు, ఉదయం లేవగానే ఒకసారి నాకు నేనే చెప్పుకోవలసి వస్తోంది.

నేను తప్పు ఒప్పుకుంటూ రాసినదానికి పరీక్షకుడు మూడు రోజుల్లో జవాబు ఇచ్చారు. కూలిన అధ్యాయాన్ని పారేయవద్దు, అది ఎక్కడిదాకా నిజమో అక్కడిదాకా రాసి, ఎక్కడ విరిగిందో చూపించమన్నారు. రంజాన్ రోజాలు ఉంటూ రాశాను. పన్నెండు దాకా పట్టికలో వాస్తవ సంఖ్యలే. పదమూడులో సంకీర్ణ సంఖ్యలు ఉండి తీరతాయి. మొదట రాసిన దానికంటే ఇదే బాగుందని సార్ అన్నారు. ఆయన ముఖం కూడా తేటపడింది.

వైవాలో ఆ పరీక్షకుడు తెర మీద కనిపించారు. బట్టతల, చాలా మెల్లగా మాట్లాడే మనిషి. చివర్లో ఈ మాట నీకెవరు చెప్పారని అడిగారు. మా మామూ చెప్పారన్నాను. గదిలో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. చేత్తో ఎంత సైజు దాకా చేశారని అడిగారు. ఆరు అన్నాను. ఆరు దాకా చేసి ఉంటే నేనూ ఎంత సైజుకైనా అనే అనుకునేవాణ్ని అన్నారు. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. డిగ్రీ కోసం కాదు. మీ గురించి ఇంత మంచి మాట నేను చెప్పలేదు, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చెప్పాడు.

రెండు నెలలుగా మీ ఉత్తరాల నిండా వంకాయలూ మేకలూ. ఇక చదవలేను మామూ. నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పదమూడు గళ్ల కాగితం విప్పారా లేదా?

మీ దువాతో గట్టెక్కిన
రిదా

---

అలియాబాద్,
6 మే 2024

డాక్టర్ రిదా బేటీకి,

వ అలైకుముస్సలామ్. జీతీ రహో, చల్లగా బతుకు. ఈసారి డబుల్ కా మీఠా ఎందుకు పంచుతున్నానో వీధిలో అందరికీ చెప్పి మరీ పంచాను. ఫోను తీసుకోకపోవడానికి కారణం నువ్వు అనుకున్నదే.

కాగితం రంజాన్‌లోనే విప్పాను. దాన్ని తన విలోమంగా తిప్పే మాత్రిక ఒకటి ఉందనుకుని, దాని గళ్లలో ఏమేం ఉండాలో ఒక్కొక్కటే రాసుకుంటూ వచ్చాను. కంప్యూటర్‌కు రెప్పపాటు, నాకు నెల పట్టింది. లోపల ఎక్కడో నువ్వు పొరపాటు పడ్డావనే ఆశ ఉంది, దాచను. ఈద్ అయ్యాక ఒక పొద్దున చివరి గడికి వచ్చాను. అక్కడ సున్నా, ఒకటీ సమానం కావాలని తేలింది, అంటే అలాంటి మాత్రిక లేదు. పెన్ను పెట్టేసి లేచి పందిరి కిందకు వెళ్లి నిలబడ్డాను. ముమానీ చాయ్ తెచ్చి ఏమీ అడగకుండా పక్కన పెట్టి వెళ్లిపోయింది.

అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. ఈ మాట నీకొక్కదానికే చెప్పలేదు కదా. ప్రతి బ్యాచ్‌కూ చెప్పాను. సంవత్సరం చివర పాఠాలు అయిపోయాక, ఇది పరీక్షలో రాదు గానీ గుర్తుంచుకోండి అని బోర్డు మీద గళ్లు గీసి చెప్పేవాణ్ని. వాళ్లలో ఎంతోమంది ఇప్పుడు లెక్కల టీచర్లు.

ఫోను చేయించి అందరినీ పిలిపించాను. పోయిన ఆదివారం పేట్ బషీరాబాద్‌లో వినోద ఇంట్లో కలిశాం. వినోద నా పాత శిష్యురాలు, అక్కడే ఒక స్కూల్లో చెబుతోంది. తీరా వెళ్తే శాలువా, పూలదండ తెచ్చి ఉంచారు. నీకు డాక్టరేట్ వచ్చినందుకు నాకు సన్మానమట. ముందు నా మాట వినండి అన్నాను. నిలబడి, నేను మీకు చెప్పింది తప్పు, పదమూడు దగ్గర అది నిజం కాదు, నేనే లెక్కకట్టి చూశాను అని గట్టిగా చెప్పాను.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ముసిముసిగా నవ్వుతూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వినోద నా చెయ్యి పట్టుకుని, "సార్, మీరు చెప్పినంక తప్పెట్లయితది? గా కంప్యూటర్ల ఏదో గల్లంతు జేసి ఉంటరు" అంది. కంప్యూటర్ కాదమ్మా, నా చేత్తో చేశానన్నాను. సార్‌కు పెద్దతనం వచ్చింది, అందుకే తగ్గించుకుని మాట్లాడుతున్నారని వెనక ఎవరో అన్నారు. నాకు కోపం వచ్చి అరిచాను. అట్లనే సార్, అట్లనే సార్ అంటూ శాలువా కప్పేశారు.

వచ్చేటప్పుడు అన్వేష్ గేటు దాకా వచ్చాడు. సూరారంలో చెబుతున్నాడు, బుద్ధిమంతుడు, నా బ్యాచ్‌లన్నిట్లో నాకు ఇష్టమైనవాడు. ఆటోలో కూర్చోబెట్టి సంతోషంగా, "మొన్ననే మా పిల్లలకు గా గళ్ల ముచ్చట చెప్పిన సార్, మస్తు ఖుష్ అయిన్రు" అన్నాడు. నేను ఇప్పుడే తప్పని చెప్పాను కదరా అన్నాను. నవ్వి దండం పెట్టాడు.

ఆటోలో శాలువా కప్పుకునే కూర్చున్నాను, తీయడానికి చేతులు రాలేదు.

నువ్వు జూన్‌లో వస్తానని మీ అమ్మీకి చెప్పావట. అంతదాకా ఆగకు, స్కూళ్లు తెరిచేలోగా రా. వాళ్లందరి ముందు నిలబడి, మీ మామూ తప్పు చెప్పాడని నువ్వు చెప్పు. నేను చెబితే ఎవరూ నమ్మడం లేదు.

నీ రాక కోసం చూస్తూ
ముజమ్మిల్ మామూ